చెరువు అడుగున నాటు

జనగామ నుంచి భూపాలపల్లికి దారి అడిగితే ఎవరైనా హన్మకొండ మీదుగా పొమ్మంటారు. నేను గార్ల మీదుగా వెళ్లాను. పటం చూసినవాళ్లకు అది తప్పు దారి. కానీ నాటాల్సిన గడ్డి గార్లలో ఉంది, దాన్ని కట్టాల్సిన వెదురు చట్రాలు తరిగొప్పులలో ఉన్నాయి, అది బతకాల్సిన చెరువు భూపాలపల్లి అవతల ఉంది. కాబట్టి మూడు జిల్లాలు, ఒక వంకర దారి.

నీటి అడుగున గడ్డి పెరుగుతుందని నాకు పెళ్లయ్యేదాకా తెలియదు. నా భార్య సునీత వృక్షశాస్త్రం చదివి, తమిళ తీరంలో కొన్నేళ్లు పనిచేసింది. అక్కడ ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువగా ఉన్నచోట సముద్రం అడుగంతా పచ్చిక. అది నాచు కాదు. వేరు, ఆకు, పువ్వు ఉన్న గడ్డి. చేపలు అందులో గుడ్లు పెడతాయి, పిల్లలు అందులోనే దాక్కుంటాయి. అడుగును గీరుకుంటూ పోయే వలల వల్ల ఆ పచ్చిక వేళ్లతో సహా లేచిపోతే, బాగున్నచోటి నుంచి పిలకలు తెచ్చి, వెదురు చట్రాలకు జనపతాడుతో కట్టి, బోడిగా ఉన్నచోట ముంచేవాళ్లు. బతికినవి పక్కకు పాకేవి. చచ్చినవాటి స్థానంలో మళ్లీ కట్టేవాళ్లు.

ఆమె జనగామ కాలేజీకి లెక్చరరుగా వచ్చాక సముద్రం లేదు. చెరువులున్నాయి. చెరువుల్లోనూ ఆ గడ్డికి చుట్టంలాంటిది ఒకటుంది. పొడుగ్గా, పలచగా, జడకు కట్టే రిబ్బనులా ఉంటుంది. మా ఇంట్లో దాన్ని రిబ్బను గడ్డి అనేవాళ్లం. చేపలవాళ్లు ఒట్టి గడ్డి అంటారు. సెలవుల్లో ఆమె చెరువుల వెంట తిరిగేది. ఫోన్ నీళ్లలో పడిపోతుందని అందరికీ నా నంబరే ఇచ్చేది. అందుకే ఆమె పోయిన తర్వాత కూడా ఆమెకు రావాల్సిన ఫోన్లు నాకే వచ్చాయి.

సంక్రాంతి వెళ్లాక కొమురమ్మ ఫోన్ చేసింది. భూపాలపల్లి అవతల ఒక ఊళ్లో చేపల సొసైటీ సభ్యురాలు. ఊరి పేరు రాయవద్దని వాళ్లు అడిగారు, రాయను. ఆ చెరువు మట్టిని లారీల్లో తోలుకుపోయారు. తర్వాత ఎవరో గుత్తకు తీసుకుని గడ్డిచేప పిల్లలను పోశారు. మిగిలిన గడ్డిని అవి తిన్నాయి. గడ్డి పోయాక కొర్రమట్టలు పోయాయి, పరిగెలు పోయాయి. పరిగెలంటే ఎవరూ పెంచకుండా వాటంతటవే పుట్టే చిన్న చేపలు. కొమురమ్మ బతుకంతా వాటిమీదే. పట్టడం, ఎండబెట్టడం, సంతలో అమ్మడం.

"సారూ, మేడం సంగతి తెలిసింది. తెలిసినంక ఎట్ల అడగాల్నో తెలుస్తలేదు," అంది.

"అడుగమ్మా."

"చెరువుల ఒక మూలకు వల కట్టిపిచ్చిన. గడ్డిచేప ఆ మూలకు రాకుంట. ఉగాదికి సొసైటీ మీటింగున్నది. గప్పటికి ఆడ గడ్డి నిలవడ్డదా, వల ఉంటది. లేదా, వల పీకి చెరువంత గుత్తకిస్తరు. గిసుంటి మాట నన్ను మల్ల అననియ్యరు. ఒక్కసారే ఒప్పుకున్నరు."

ఒకసారి సునీత నాటింది, అది వరదలో పోయింది. రెండోసారికి ఆమె లేదు. నాకు నాటడం రాదని చెప్పాను.

"వచ్చినోళ్లెవరున్నరు సారూ," అంది కొమురమ్మ.

సంతాపసభలో ఒకాయన సునీత నీళ్లలో కలిసిపోయిందన్నాడు. ఆమె పోయింది కిడ్నీ జబ్బుతో, దవాఖానలో. ఆ మాట విన్నప్పటినుంచి ఎవరు పిలిచినా ఎక్కడికీ వెళ్లలేదు. దీనికి మాత్రం వెళ్లాను.

తరిగొప్పుల

బండి నడిపింది యాకూబ్. మా పక్క వీధే. మామూలుగా కూరగాయలు, చేపలు తోలుతాడు. బండిలో ఎంత కడిగినా పోని చేపల వాసన. నాకంటే చిన్నవాడే అయినా అందరూ యాకూబన్న అంటారు, నేనూ అలాగే అంటాను.

ఎల్లవ్వ మేదరి పని చేస్తుంది. ఇంటిముందు నీడలో కూర్చుని బద్దలు చీలుస్తోంది. నన్ను చూసి నా వెనక చూసింది.

"మేడం రాలే?"

"పోయింది అవ్వా. పోయిన వానకాలం."

కత్తి కింద పెట్టింది. "ఏమైండె?"

"కిడ్నీలు."

"దవాఖాన్ల ఉంచిన్రా?"

"ఉంచినం."

"మరి నాకు జెప్పద్దా?" అంది. కోపంగానే అంది.  తర్వాత తనే "కూసో" అంది.

చట్రాలు కిందటేడు చేసినవే. ఎవరూ రాకపోయేసరికి వాటిమీద పాత చీర పరిచి, గుడిసె మీద సగ్గుబియ్యం వడియాలు ఎండబెట్టుకుంటోంది. చట్రానికి నాలుగు వైపులా బద్దలు, మధ్యలో అడ్డంగా నిలువుగా పుల్లలు. వడియాలు ఎండడానికి అంతకంటే అనువైన వస్తువు ఉండదు.

"తీసుకుపోతాను అవ్వా."

"గిప్పుడు తీస్తే ఇరుగుతయి. పొద్దు వంగెదాక ఆగు."

ఆగాం. అన్నం, పచ్చిపులుసు, వేయించిన పాత వడియాలు పెట్టింది. జనగామలో ఇప్పుడు పచ్చిపులుసు కూడా కర్రీ పాయింటులో ఇరవై రూపాయలకు కవర్లో కట్టి ఇస్తున్నారు. దానిలో ఉల్లిగడ్డ ఉండదు. ఎల్లవ్వ పులుసులో ఉల్లిగడ్డే ఎక్కువ. యాకూబ్ మూడుసార్లు పోయించుకున్నాడు.

"గడ్డి నాటుతరా?" అని నన్ను అడిగింది. "వరి నాటుడు సూసిన, మిరప నాటుడు సూసిన. మేమైతే గడ్డి పీకుతం. పీకెటానికి కైకిలి పైసలిస్తరు."

"ఇది చేపల కోసం అవ్వా."

"మేడం గూడ గదే చెప్పేది. నేనేమో ఊకె నవ్వేదాన్ని," అంది. ఈసారి నవ్వలేదు. పొద్దు వంగాక వడియాలు ఒక్కొక్కటే ఒలిచి, చట్రాలు దులిపి ఇచ్చింది. కొన్నిటికి పిండి మరకలు అలాగే ఉన్నాయి.

గార్ల

మహబూబాబాద్ చేరేసరికి మిరపకాయల కాలం నడుస్తోంది. ఊరు కనిపించకముందే ఘాటు తెలుస్తుంది. రోడ్డు పక్క కల్లాల్లో ఎర్రగా ఆరబోశారు. మార్కెట్ దగ్గర టీ తాగుతుంటే మేమిద్దరం దగ్గుతూనే ఉన్నాం. పక్కనున్న రైతు మాత్రం స్థిమితంగా తాగుతున్నాడు. "మీది మిర్చి ఊరు కాదా?" అన్నాడు. కాదన్నాం. "దగ్గు జెప్తాంది," అన్నాడు.

గార్ల దగ్గర తండాలో సక్రి కోసం వెళ్లాం. సునీత తండా పక్క చెరువుకు రెండుసార్లు వచ్చింది, గడ్డి తీసిపెట్టింది సక్రి వాళ్లే. నలభై దాటిన మనిషి. నాట్ల కాలంలో ఆడవాళ్లను జట్టుగా తీసుకుని ఖమ్మం వైపు దాకా వెళుతుంది. యాసంగి నాట్లు అయిపోయాయి, మిరప ఏరడం మధ్యలో ఒకరోజు ఖాళీ చేసుకుంది.

ఆడవాళ్లు తమ భాషలో మాట్లాడుకుంటూ నడుముల దాకా దిగారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో నన్ను చూసి నవ్వుకోవడం మాత్రం అర్థమైంది. ఏమంటున్నారని సక్రిని అడిగాను.

"సార్ బూట్లేసుకొని చెరువు కాడికచ్చిండు, పెండ్లికి పోతుండా అంటున్రు."

బూట్లు విప్పి పక్కన పెట్టాను. దానికి ఇంకా నవ్వారు.

ఈ చెరువులో నీళ్లు తేటగా ఉన్నాయి. గట్టుమీద నుంచే గడ్డి కనిపిస్తుంది. ఆకులన్నీ ఒకే వైపు వంగి ఉన్నాయి. వాళ్లు కాలివేళ్లతో వేరు కింద గెలికి, వంగి చేత్తో లాగుతున్నారు. ఒకేచోట కాకుండా అక్కడక్కడ తీయమని మాత్రం చెప్పాను. ఈ చెరువును బోడి చేసి ఆ చెరువును నింపడంలో అర్థం లేదని సునీత అనేది.

మధ్యాహ్నం సక్రి ఇంటి దగ్గర జొన్నరొట్టె తిన్నాను. పీట లేకుండా రెండు చేతుల మధ్యే తట్టి కాలుస్తారు. మా అమ్మ పీటమీద తట్టేది. వీళ్ల రొట్టె పలచన. దాంట్లోకి కొత్త మిరపకాయల కారం, వెల్లుల్లి. తింటుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. సక్రి చెంబు నా వైపు జరిపి, "మేడం గూడ గిట్లనే ఏడ్సుకుంట తినేది. అద్దనేది కాదు," అంది.

తిని వెనక్కి వెళ్లేసరికి ఒక తప్పు జరిగిపోయింది. ఆడవాళ్లు గడ్డిని వరి నారులాగే కట్టలు కట్టారు. అంతవరకు బాగానే ఉంది. కట్టలన్నిటికీ ఆకుల కొసలు సమానంగా తెంపేశారు.

"కొసలేవమ్మా?"

"నారు ముదిరితే తెంపుతం గద సార్. గిది మస్తు ముదిరింది."

అది మంచిదో చెడ్డదో నాకు తెలియదు. సునీత ఉంటే తెలిసేది. తెలియని విషయంలో కోప్పడడం సాధ్యం కాదు. తడి గోనెసంచుల్లో పెట్టి బండికి ఎత్తించాను.

సక్రి కూడా మాతో వస్తానంది. కూతురును భూపాలపల్లిలో బొగ్గుబావి పనివాడికి ఇచ్చారు, చూసినట్టుంటుందని. ముందు సీటులో మా ఇద్దరి మధ్య సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మా చెరువు గడ్డి గంత దూరం పోయి బతుకుతదా సార్?" అంది బండి కదిలాక.

"చూడాలి."

"మా మనుషులే బతుకుతలేరు. హైదరాబాద్ పోతున్రు, ఏడాదికి వాపస్ అస్తున్రు."

"గడ్డికి కిరాయి లేదు గదక్కా," అన్నాడు యాకూబ్. "అదొక్కటి బతుకుతదేమో."

ములుగు దగ్గర

బండి లోంచి నీళ్లు కారుతున్నాయి, చేపల వాసన వస్తోంది. ములుగులో టీ కోసం ఆగగానే ఇద్దరు ముగ్గురు వచ్చి "కిలో ఎంత?" అన్నారు. యాకూబ్ చేపలు కాదన్నాడు. నమ్మలేదు. ఒకాయన ఎంతకైనా కొర్రమట్ట కావాలన్నాడు, ఇంట్లో అల్లుడు వచ్చాడట. యాకూబ్ సంచీ మూతి విప్పి చూపించాడు.

ఆయన చెయ్యి లోపలికి పెట్టి అడుగుదాకా వెతికాడు. "గడ్డి కిందేసి దాసిన్రా?" అన్నాడు.

"దాయలే. గడ్డే."

"గడ్డికి ఇంత మర్యాదనా!" అని చెయ్యి తుడుచుకుని, మా ఖాతాలో టీ తాగి వెళ్లాడు. టీ పది రూపాయలు. జనగామలోనూ అంతే. కాకపోతే ఇక్కడ గ్లాసు పెద్దది.

భూపాలపల్లి

పొద్దున్నే లాడ్జి కిటికీ తెరిస్తే అంచుమీద సన్నని నల్లటి పొడి. వేలితో గీస్తే గీత పడింది. లాడ్జివాడు "తెరవకుర్రి సార్, రోజూ తుడిసేటోడు లేడు," అన్నాడు. షిఫ్టు దిగిన కార్మికులు హోటల్లో ఇడ్లీ తింటున్నారు. వాళ్ల కనురెప్పల అంచున కాటుకలా నలుపు మిగిలి ఉంది. అందరూ తెల్ల చొక్కాలు వేసుకున్నారు. ఎందుకని అడిగితే ఒకాయన, "బావి బయట గూడ నల్లగనే తిరగాల్నా?" అన్నాడు.

సక్రిని కూతురి క్వార్టరు నుంచి ఎక్కించుకుని చెరువు దగ్గరికి వెళ్లాం. కొమురమ్మ గట్టుమీదే ఉంది. యాభై ఏళ్లు ఉంటాయి. సూటిగా నన్ను చూసి, వెంటనే తల దించుకుంది. నా గురించి అనుకున్నాను. కాదు.

వల కట్టిన మూల నీళ్లు టీ రంగులో ఉన్నాయి.

ఆమె మరిది రాజయ్య, ముందురోజు, ట్రాక్టరుకు ఇనుప చక్రాలు కట్టి, మూల మొత్తం కలియదున్ని కరిగెట చేశాడు. కరిగెటంటే వరి నాటడానికి ముందు మడిలో నీరూ మట్టీ కలిపి బురద చేయడం. జనగామ నుంచి సారు వస్తున్నాడు, వచ్చేసరికి మడి తయారుగా ఉండాలని చేశాడు. కిరాయి ట్రాక్టరు, డీజిలు తనదే.

"నాటు అన్నరు గద సార్," అన్నాడు రాజయ్య. గట్టివాడు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "కరిగెట లేకుంట నాటుతరా ఏడనన్న?"

"ఓ రాజిగా," అంది కొమురమ్మ. "నీకు తెలివి ఎక్కువైతాంది. నన్నడిగినవా?"

"నిన్నడిగితె అద్దంటవ్ వదినె. నువ్వు దేనికన్న సరె అన్నవా?"

"ఎందుకద్దన్ననో ఇప్పుడు సూడు!"

సక్రి గట్టుమీద నుంచి కిందికి చూసి, "మంచిగ జేసిండు కరిగెట," అంది. నిజంగానే మెచ్చుకుంది.

రాజయ్యకు ధైర్యం వచ్చింది. "సూడు, ఆమెకు తెలుసు."

అందరూ నా వైపు చూశారు. తెలిసినంతవరకు చెప్పాను. ఈ గడ్డి మొత్తం నీళ్లలోనే బతుకుతుంది. ఆకు నీళ్ల బయటికి రాదు కాబట్టి వెలుతురు నీళ్లలోంచే అందాలి. ఈ నీళ్లలోంచి వెలుతురు దిగదు. చట్రాలు ఇంత మెత్తని బురదలో నిలవవు, కూరుకుపోతాయి. మట్టి దిగేదాకా ఆగాలి. ఎన్ని రోజులో తెలియదు.

"అప్పటిదాక గడ్డి సంచుల్ల ఉంటదా?" అంది కొమురమ్మ.

ఉండదని చెప్పాను. ఒకటి రెండు రోజుల్లో కుళ్లుతుంది.

 కొమురమ్మ రాజయ్యతో, "పరిగెలు లేని చెరువు గుత్తకిచ్చినంక నేనెట్ల బతకాల్నో గది గూడ దున్నిపెట్టు," అంది. రాజయ్య కట్టుకున్న చేతులు విప్పాడు.

గోళెం

ఈ వైపు పశువులున్న ప్రతి ఇంటి ముందు సిమెంటు గోళెం ఉంటుంది. బర్లు నీళ్లు తాగే తొట్టి. గడ్డిని వాటిలో ఉంచుదామన్న ఆలోచన యాకూబ్‌ది. నల్లా నీళ్లు మందు కలిపినవి కాబట్టి వద్దన్నాను. చెరువు అవతలి ఒడ్డు నుంచి తేట నీళ్లు డ్రమ్ముల్లో తేవాల్సి వచ్చింది. తెచ్చింది రాజయ్యే. అడగకుండానే ట్రాక్టరుకు చక్రాలు మార్చి, డ్రమ్ములు ఎత్తుకుని తిరిగాడు.

వీధిలో నాలుగు ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారు. ఒక ఇల్లాలు, "మరి మా బర్రె ఏడ తాగాలె?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. దానికి పక్కింటి గోళెం చూపించారు. బర్రె పద్ధతి మార్చుకోలేదు. సాయంత్రం మామూలుగా వచ్చి, తన గోళెంలో మూతి పెట్టి, నీళ్లూ గడ్డీ రెండూ తీసుకుంది. ఇల్లాలు అరుస్తూ వచ్చేసరికి ఆ గోళెంలో గడ్డి సగం అయిపోయింది.

"ఎట్లున్నదట?" అన్నాడు యాకూబ్ బర్రెను చూస్తూ.

"నీకేంది నవ్వుతవ్," అంది కొమురమ్మ. కానీ తనూ నవ్వింది. నేను వచ్చాక మొదటిసారి.

ఆగిన రోజుల్లో చేయడానికి ఏమీ లేదు. పొద్దున, సాయంత్రం చెరువు చూడడం. నీళ్లలో అరచేయి ముంచి, ఎంత లోతులో కనబడకుండా పోతుందో చూసేవాళ్లం. మొదట మణికట్టు మునగక ముందే వేళ్లు మాయమయ్యేవి. తర్వాత మోచేతి దాకా ముంచినా వేళ్లు కనిపించాయి. రాజయ్య రోజుకు అయిదారుసార్లు వెళ్లి చూసి వచ్చేవాడు. "జర తేరింది," అనేవాడు ప్రతిసారీ.

కొమురమ్మ ఇంట్లో సర్వపిండి తిన్నాను. గిన్నెకు అద్ది కాల్చే పిండి రొట్టె, మా ఇంట్లోనూ చేస్తారు. సునీతకు చేయడం రాదు, తినడం వచ్చు. ఎండు పరిగెల కూర కూడా పెట్టింది. ఇవి వేరే చెరువు నుంచి కొన్నవని చెప్పింది. చెప్పేటప్పుడు సిగ్గుపడింది. చేపలు పట్టే ఇంట్లో కొన్న చేప పెట్టడం మర్యాద కాదట.

"మేడం మీకు చెప్పేదా, గిదంత?" అని అడిగింది.

"చెప్పేది. సగం వినేవాణ్ని కాదు. చదువుకుంటుండేవాణ్ని."

"మా ఆయన గూడ ఇనకపోయేది. ఆయన సదువుకోలే గని," అంది.

నాటు

నీళ్లు మోకాలి దాకా కనిపించిన పొద్దున చట్రాలు గట్టుమీద పరిచాం. గోళేల నుంచి గడ్డి తెచ్చాం. కొన్ని కట్టలు మెత్తబడ్డాయి, ఏరి పారేశాం. మిగిలినవాటికి తెంపిన కొసలు గోధుమరంగు తిరిగాయి. అడుగున మాత్రం కొత్త ఆకులు లేస్తున్నాయి.

మా వైపు నాటు ఈశాన్యం మూల నుంచి మొదలుపెడతారు. ఇక్కడ మొదటి చెయ్యి ఎవరిదన్నదే ముఖ్యం. రాజయ్య నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, ఏమనుకోకుర్రి. మీకు ఇంక ఏడాది గాలే. మొదటి చెయ్యి మీదద్దు. ఇప్పటికే నాతోని ఒక తప్పయింది."

నాకు అభ్యంతరం లేదని చెప్పాను. నిజంగానే లేదు. గట్టుమీద కూర్చుని పిలకలు కట్టే పని తీసుకున్నాను. కొమురమ్మ మొదటి చట్రం పట్టుకుని తొడల దాకా దిగి, వంగి, అడుగున పెట్టింది. దండం పెట్టుకోలేదు. పాదంతో నొక్కి చూసి రెండోది అడిగింది.

సక్రి చేయి చాలా వేగం. చట్రం చట్రం మధ్య ఖాళీల్లో విడి పిలకలు కూడా గుచ్చుతోంది. వరిలో బొటనవేలితో మొదలు లోపలికి నొక్కుతారు, అదే అలవాటు. ఈ గడ్డికి ఆకులు పుట్టే మొదలు మట్టిలో కప్పబడితే కుళ్లుతుంది. ఇది నాకు తెలిసిన కొద్ది విషయాల్లో ఒకటి. మా పెరట్లో తొట్టి పెట్టినప్పుడు నేనూ అలాగే నొక్కాను, సునీత తిట్టింది.

"సక్రీ, పైకి. మొదలు పైకి ఉండాలి."

"పైకుంటే కొట్టుకపోదా సార్?"

"వేళ్లు మాత్రం మట్టిలో."

"అట్లయితె ఇది నాటుడు గాదు, కూసోబెట్టుడు," అంది. మళ్లీ నొక్కింది. మళ్లీ చెప్పాను. చేయి మాట వినలేదు. మూడోసారికి తన బొటనవేలికి తాడుముక్క కట్టుకుంది, గుర్తుండడానికి. ఆ తర్వాత నిదానించింది. నిదానించినందుకు చిరాకు పడింది.

మధ్యాహ్నానికి గాలి లేచింది. ఒక చట్రం బరువు సరిపోక తేలి, వల వైపు పోతోంది. దగ్గరలో ఎవరూ లేరు. నేను దిగాను. బురద మోకాలి కింద దాకా పట్టుకుంది, నీళ్లు చల్లగా ఉన్నాయి. చట్రం పట్టుకుని వెనక్కి తెచ్చి, రెండు రాళ్లు కట్టి మళ్లీ పెట్టాను. రాజయ్య చూశాడు.  తర్వాత చట్రాలన్నీ నా చేతికే అందించాడు. సాయంత్రం దాకా నీళ్లలోనే ఉన్నాను.

చీకటి పడేలోపు అయిపోయింది. బయటికి వచ్చి చూస్తే ఏమీ కనిపించదు. మా అడుగులకు నీళ్లు మళ్లీ కలకబారాయి. పొద్దంతా పనిచేసి చూపించడానికి ఏమీ లేని పని ఇది. వరి అయితే గట్టుమీద నుంచి పచ్చగా వరసలు కనిపిస్తాయి. సక్రి అదే మాట అంది. "నాటిన మడి సూసుకుంట ఇంటికి పోతం మేం. గిదేంది సార్, నీళ్లను సూసి పోవాల్నా?"

జనగామ

ఇంటికి వచ్చాక ఎవరైనా అడిగితే వెళ్లివచ్చానని మాత్రం చెప్పాను. గడ్డి బతికిందా అని అడిగితే తెలియదన్నాను. కొమురమ్మ ఒకసారి ఫోన్ చేసి కొన్ని ఆకులు తేలుతున్నాయంది. కొత్తవో ఊడినవో చెప్పలేకపోయింది. చెరువులో దిగి చూడొద్దని నేనే చెప్పాను, తొక్కుడుకు పోతాయని.

ఉగాది రోజున మీటింగు గట్టుమీదే పెట్టారు. కొమురమ్మ నాకు ఫోన్ కలిపి, పక్కనున్న ఎవరికో పట్టుకొమ్మని ఇచ్చింది. అక్కడ జరిగింది నేను చూడలేదు, విన్నాను.

మొదట అందరూ ఒకేసారి మాట్లాడారు. ఒక పెద్దాయన గొంతు, సొసైటీ అధ్యక్షుడనుకుంటాను, "కనవడ్తలేదు గదమ్మా, ఏం సూసి నమ్మాలె?" అంది. ఎవరో ఒక చట్రం పైకి తెచ్చి చూపించమన్నారు. కొమురమ్మ వద్దంది. పీకితే పోతుందంది. చూపించకపోతే వల తీసెయ్యాలని ఇంకొకరు అన్నారు. కాసేపు వాదన. చివరికి రాజయ్య "ఒక్కటే తెస్త వదినె, నిమ్మలంగ తెస్త," అన్నాడు. నీళ్ల చప్పుడు.

తర్వాత పెద్దగా నవ్వు.

"ఒట్టి బద్దలచ్చినయ్!" అన్నారెవరో. "గడ్డి లేదు, గిడ్డి లేదు. వడియాల మరకలే!" పిండి మరకలున్న చట్రం వచ్చిందన్నమాట. "ఇగ వల ఇప్పుర్రి."

 నేను ఫోన్ చెవికి పెట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. ఎవరో వల కట్టిన గుంజల సంగతి మాట్లాడడం మొదలుపెట్టారు. అప్పుడు మళ్లీ నీళ్ల చప్పుడు. కొమురమ్మ దిగింది. చీర తడిసిపోతుందని ఎవరో ఆడమనిషి అరిచింది.

"రాజిగా, ఈ చట్రం ఏడ తీసినవ్?"

"గీడనే, నేను నిలవడ్డకాడ."

 ఆమె వంగినట్టుంది. తర్వాత వచ్చిన గొంతు కొంచెం దూరంగా, నీటికి దగ్గరగా ఉంది.

"తాడు మురిగింది. చట్రం ఒక్కటే పైకొచ్చింది. గడ్డి ఈడనే ఉన్నది. దిగి సూడుర్రి. మట్టి పట్టుకున్నది, గుంజితె అస్తలేదు."

పెద్దాయన దిగాడో, ఇంకెవరైనా దిగారో, చాలా నీళ్ల చప్పుళ్లు వినిపించాయి. కొమురమ్మ "అటు కాదు, అటు కాదు! గట్టు పొంటి రాండ్రి!" అని అరుస్తోంది. కొన్ని చోట్ల ఏమీ తగలడం లేదని ఒకరు అన్నారు. ఉన్నచోట ఉంది గదా అని ఇంకొకరు. కాళ్లకు చుట్టుకుంటోందని పెద్దాయన అన్నాడు. ఆయన నవ్వడం లేదు. వచ్చే వానకాలం దాకా వల ఉండనియ్యమని చెప్పి, రాజయ్యను బయటికి రమ్మన్నాడు.

రాజయ్య కదల్లేదు.

"ఎటు రావాలె వదినె?" అన్నాడు. "ఎటు అడుగేసినా కాళ్ల కింద గడ్డే తగుల్తాంది."